గెలుపు గుర్రం లెక్క అమెరికాలోనూ ఉంది, కాకపోతే టికెట్ ఇచ్చేది ఓటర్లే

అమెరికాలో పార్టీలు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు గెలిచే సత్తాను దేనితో కొలుస్తాయి, సర్వేల్లో ముందున్నవాళ్లనే ఎందుకు తీసుకోరు అని అడిగారు. నేను విశాఖలో కొన్ని ఎన్నికలకు అభ్యర్థుల ఎంపిక సర్వేల్లో ఫీల్డు పని చేశాను. మా అక్కావాళ్లకు పెన్సిల్వేనియాలో ఓటుంది. ఈ రెండు వైపుల నుంచీ చూశాక నాకు అర్థమైంది చెబుతాను.

ముందుగా ఒక తేడా. మన దగ్గర టికెట్ అధిష్ఠానం చేతిలో ఉంటుంది, బీ ఫారం ఎవరికొస్తే వాళ్లే అభ్యర్థి. అక్కడా 1968 దాకా ఇంచుమించు ఇదే పద్ధతి. ఆ ఏడాది హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాల్లో జరిగే ఓటింగుల్లో, పోటీకి దిగకుండానే డెమోక్రాట్ల అభ్యర్థి అయ్యారు. అభ్యర్థిని ఖరారు చేసిన షికాగో పార్టీ మహాసభ బయట పెద్ద గొడవలు జరిగాయి, నవంబరులో ఆయన నిక్సన్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాతే డెలిగేట్లను, అంటే మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులను, ప్రైమరీల్లో, కాకస్‌లలో (ఓటర్లు స్థానికంగా సమావేశమై తేల్చుకునే పద్ధతి) ఓటర్లే తేల్చేలా నిబంధనలు మార్చారు. ఆ కొత్త పద్ధతిలో 1972లో వచ్చిన జార్జ్ మెక్‌గవర్న్ మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్ తప్ప అన్నిచోట్లా ఓడారు. దాంతో నాయకులకు మళ్లీ కాస్త పట్టు ఉండాలని 1980ల్లో సూపర్ డెలిగేట్లను, అంటే ప్రైమరీ ఫలితంతో పనిలేకుండా తమకు నచ్చినవారికి ఓటేసే పార్టీ నాయకులను, తెచ్చారు. 2016లో వాళ్ల మీద గొడవలయ్యాక, 2018లో, పోటీ ఉన్నప్పుడు మహాసభ మొదటి రౌండు ఓటింగులో వాళ్లు ఓటేయకూడదని కట్టడి చేశారు. అందుకే పార్టీ ఎంచుకుంటుంది అంటే ఇప్పుడు ఎక్కువగా ప్రైమరీ ఓటరు ఎంచుకోవడమే. నాయకులు మద్దతు ప్రకటించగలరు, చందాలు ఇచ్చేవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకోగలరు. అంతకు మించి చేయగలిగింది తక్కువ.

మరి మామూలు ఓటరు గెలుపు అవకాశాన్ని ఎలా అంచనా వేస్తాడు? నాకిది గాజువాకలో ఇంటింటికీ తిరిగినప్పుడు తెలిసింది. మా ఫారంలో రెండు ప్రశ్నలు పక్కపక్కనే ఉండేవి. మీరు ఎవరికి వేస్తారు? మీ ఏరియాలో ఎవరు గెలుస్తారు? ఒక వీధిలో ఒక పెద్దావిడ ఒక అభ్యర్థి గురించి, “ఆయన మంచోడే బాబూ. కానీ అవతల వీధోళ్లు ఆయనకి వెయ్యరు కదా, మా ఓటెందుకు మురగబెట్టుకోడం?” అంది. అవతల వీధికెళ్లి అడిగితే అక్కడెవరికీ ఆయన మీద కోపం లేదు. ఇవతలివాళ్లే ఆయన్ని ఒప్పుకోరేమో అని వాళ్ల అనుమానం. రెండు వీధులూ ఒకదాని మనసు మరొకటి ఊహించుకుని, ఎవరికీ పెద్దగా ఇష్టం లేని మూడో మనిషి పేరు చెప్పాయి. ఆ ఫారాలు పైకి వెళ్లాక ఆ మూడో పేరే గెలుపు గుర్రం అయింది.

2019 చివర్లో, డెమోక్రాట్లలో అభ్యర్థిత్వానికి పోటీ నడుస్తున్నప్పుడు, అక్క ఫోన్‌లో అన్న మాట వినగానే నాకు ఆ వీధులే గుర్తొచ్చాయి. “నాకు ఎలిజబెత్ వారెన్ నచ్చిందిరా. కానీ ఇక్కడ పాత స్టీలు ఊళ్లలో ఆడమనిషికి వేస్తారంటావా?” అంది. ఆ ఊళ్లలో ఒక్కరినైనా అడిగావా అంటే లేదంది. అప్పట్లో చాలా సర్వేల్లో డెమోక్రాట్లు తమ అభిప్రాయాలకు దగ్గరగా ఉన్నవారికంటే ట్రంప్‌ను ఓడించగలవారే కావాలన్నారు. 2016 దెబ్బ అలాంటిది. హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా, పెన్సిల్వేనియా, మిచిగన్, విస్కాన్సిన్ మూడూ కలిపి 80 వేల లోపు తేడాతో పోయాయి, అధ్యక్ష పదవీ పోయింది. అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లు, వాటిలో 270 కావాలి కాబట్టి లెక్క ఎప్పుడూ అటూ ఇటూ ఊగే ఆ కొద్ది (స్వింగ్) రాష్ట్రాల దగ్గరే తేలుతుంది. జాతీయ సర్వేలో ఎవరు ముందున్నారన్నది రెండో సంగతి.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1860లో రిపబ్లికన్లు షికాగోలో సమావేశమైనప్పుడు విలియం సీవార్డ్ అందరికంటే పెద్ద నాయకుడు, మొదటి రౌండులో ముందున్నదీ ఆయనే. కానీ అంతకుముందు ఎన్నికల్లో పోగొట్టుకున్న పెన్సిల్వేనియా, ఇండియానా, ఇల్లినాయ్ తిరిగి రాకపోతే గెలుపు లేదు. పెన్సిల్వేనియా, ఇండియానాల్లో గవర్నరు పదవికి పోటీ చేస్తున్న పార్టీవాళ్లు సీవార్డ్ అధ్యక్ష అభ్యర్థిగా పైన ఉంటే తామూ మునిగిపోతామని అడ్డుపడ్డారు. మూడో రౌండులో అబ్రహాం లింకన్ అభ్యర్థి అయ్యారు. కింది అభ్యర్థుల ఈ భయాన్ని బయటివాళ్లు తక్కువగా చూస్తారు గానీ, నా లెక్కలో అన్నిటికంటే బరువైనది ఇదే. ఎంపీ అభ్యర్థి బలహీనుడైతే మన ఎమ్మెల్యే అభ్యర్థులు ఎంత కంగారుపడతారో నేను దగ్గర నుంచి చూశాను. 2024 జూన్ 27 డిబేట్ తర్వాత జో బైడెన్ మీద ఒత్తిడి తెచ్చినవాళ్లలో తమ సీట్ల గురించి భయపడ్డ డెమోక్రాట్ చట్టసభ సభ్యులు చాలామంది ఉన్నారు. జులై 21న ఆయన తప్పుకున్నారు.

2020లో ఇదే బైడెన్ పార్టీ అభ్యర్థిత్వం ఎలా గెలిచారో చూడండి. మొదట ఓటింగ్ జరిగిన అయోవాలో నాలుగో స్థానం, తర్వాత న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఇక అయిపోయిందన్నారు. సౌత్ కరోలినాలో అక్కడి నల్లజాతి నాయకుడు, కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు పలికారు, ఫిబ్రవరి 29న అక్కడ భారీగా గెలిచారు. తర్వాతి రెండు రోజుల్లో పోటీలో ఉన్న పీట్ బూటజెజ్, ఎమీ క్లోబుచార్ తప్పుకుని ఆయన వెంట నిలబడ్డారు. మార్చి 3న ఒకేరోజు ప్రైమరీలు జరిగిన 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. ఆ మూడు రోజుల్లో బైడెన్ మనిషిగా ఏమీ మారలేదు. అందరూ ఈయన దగ్గరే ఆగుతున్నారన్న నమ్మకం ఓటర్లలో ఒక్కసారిగా కుదిరింది. అక్కావాళ్ల ప్రైమరీ జూన్ 2న జరిగింది, అప్పటికి ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్నే మిగల్లేదు.

గెలిచే సత్తా అన్నది అభ్యర్థి ఒంట్లో ఉండే గుణం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మా విశాఖ ఎంపీ సీటే తీసుకోండి. 2019లో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ దాదాపు 4,400 ఓట్లతో ఓడిపోయారు. అదే రోజు అదే ఓటర్లు నగరంలోని తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ నాలుగు అసెంబ్లీ సీట్లనూ ఆయన పార్టీకే ఇచ్చారు. 2024లో అదే శ్రీభరత్ 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2019లో విడిగా నిలబడి 2 లక్షలకు పైగా ఓట్లు తీసుకెళ్లిన జనసేన ఈసారి పొత్తులో ఉంది, గాలీ తిరిగింది. 2019 ఫలితం చూసి ఈయన గెలవలేడని ముద్ర వేసి ఉంటే ఏమయ్యేది? అమెరికాలోనూ అంతే. 1980లో రేగన్ వయసు మీరినవాడు, మరీ అతివాది అన్నారు. 44 రాష్ట్రాలు గెలిచారు. 2004లో వియత్నాంలో పోరాడినవాడైతే బుష్‌ను ఓడిస్తాడని జాన్ కెర్రీని ఎంచుకున్నారు, ఓడిపోయారు. 2016లో ట్రంప్ గెలవడని సొంత పార్టీ పెద్దలే అన్నారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ లెక్క ఎవరి మీద పడుతుందన్నది. ఇంతకుముందు గెలిచినవాళ్లలా కనిపించనివాళ్లు, అంటే ఆడవాళ్లు, నల్లవాళ్లు, ముందే తాము గెలవగలమని రుజువు చేసుకోవాలి. మిగతావాళ్లను ఆ రుజువు ఎవరూ అడగరు. 2008 జనవరి 3న ఎక్కువమంది తెల్లవాళ్లున్న అయోవాలో ఒబామా గెలిచేదాకా సౌత్ కరోలినాలో చాలామంది నల్లజాతి ఓటర్లే వెనకాడారు. ఆ ఫలితం వచ్చాక ఇంకెవరూ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. 2024లో కమలా హ్యారిస్ ఏడు స్వింగ్ రాష్ట్రాలూ ఓడిపోయారు కాబట్టి మళ్లీ అక్కలాంటివాళ్లు ఆడమనిషికి వేస్తారా అనే అంటున్నారు. ధరల మీద కోపం, ప్రైమరీ లేకుండా చివరి మూడు నెలల్లో వచ్చిన అభ్యర్థిత్వం, ఇవేవీ ఆ మాటలో ఉండవు.

కాబట్టి 2028 కోసం మీరు ఎవరినైనా అంచనా వేయాలంటే, ఆ మనిషి తన పార్టీకి కష్టమైన చోట నిలబడి గెలిచారా అన్నది ముందు చూడండి. రిపబ్లికన్ల కంచుకోట కెంటకీలో డెమోక్రాట్ ఆండీ బెషీర్ 2019లోనూ 2023లోనూ గవర్నరుగా గెలిచారు, ఇది జాతీయ సర్వే అంకె కంటే గట్టి ఆధారం. అయినా దాన్నీ కొంత తగ్గించే చూడాలి. డెమోక్రాట్ల రాష్ట్రమైన మేరీలాండ్‌లో రెండుసార్లు గవర్నరుగా గెలిచిన రిపబ్లికన్ ల్యారీ హోగన్ 2024లో సెనేట్‌కు నిలబడి ఓడిపోయారు. గవర్నరుగా మెచ్చుకున్న జనమే, సెనేట్‌లో బలం ఏ పార్టీకి పోతుందన్న ప్రశ్న వచ్చేసరికి ఆయనకు ఓటేయలేదు. అధ్యక్ష ఎన్నికల్లో ఆ పార్టీ లెక్క ఇంకా బలంగా పనిచేస్తుంది.