నాన్నగారి ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ప్రతిదానికీ అడుగుతోంది, తీసేయొచ్చా?

మీరు బెంగళూరులో, నాన్నగారు గాజువాకలో. ఆయన ల్యాప్‌టాప్‌లో మీరు వేసిన ఫైర్‌వాల్ (నెట్ కనెక్షన్లకి కాపలా కాసే ప్రోగ్రామ్) ప్రతి ప్రోగ్రామ్‌కీ పర్మిషన్ అడుగుతోంది, ఆయన విసిగిపోయారు, తీసేస్తే ప్రమాదమా అన్నది కదా మీ ప్రశ్న. తీసేయండి. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ మాత్రం ఆన్‌లో ఉంచండి, ఇంట్లో వాడకానికి అది చాలు.

ఎంవీపీ కాలనీలో మా బాబాయి వాళ్లింట్లో ఇదే గొడవ. ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, సిస్టమ్‌తో పనల్లా ఈ-పేపర్, పెన్షన్, అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్. జగదాంబ దగ్గర రిపేరు చేసినతను "సేఫ్టీకి మంచిది సార్" అంటూ ఇలాంటిదే ఒకటి పెట్టి పంపాడు. "ఎస్‌వీసీహోస్ట్ ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవుతోంది, అలౌ చేయాలా?" అని అడిగితే ఆయనకేం తెలుస్తుంది? ఆ ఒక్క పేరు మీద విండోస్ సర్వీసులు ఎన్నో నడుస్తాయి, అడుగుతున్నది ఏదో నేనే వెతుక్కోవాలి. మొదట్లో ప్రతిదానికీ నాకు ఫోన్ చేసేవారు, తర్వాత చదవకుండానే అలౌ కొట్టేయడం అలవాటైపోయింది. పిన్నిది రివర్స్, అన్నిటికీ బ్లాక్. దాంతో ఓ ఆదివారం కూతురి కాల్ కలవలేదు, పాపం తిట్లు మాత్రం నెట్ కనెక్షన్‌వాళ్లకి పడ్డాయి.

విండోస్ ఫైర్‌వాల్ 2004లో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచీ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటోంది. బయటి నుంచి తమంతట తాము వచ్చే కనెక్షన్లని ఆపుతుంది, లోపలి నుంచి వెళ్లేవాటిని వదిలేస్తుంది, అందుకే బ్రౌజర్ వాడుకుంటున్నంతసేపూ దాని ఊసే ఉండదు. ఏదైనా ప్రోగ్రామ్ బయటివాళ్ల కనెక్షన్ తీసుకుంటానంటేనే బాక్స్ వస్తుంది. అక్కడో మెలిక ఉంది, క్యాన్సిల్ కొడితే ఊరుకోదు, ఆ ప్రోగ్రామ్‌కి బ్లాక్ రూల్ రాసేసుకుని మళ్లీ అడగదు. ఏదైనా పనిచేయట్లేదంటే ముందు ఆ రూల్స్ చూడండి.

బాబాయి సిస్టమ్‌లో షాపతను పెట్టింది తీసేశాను, విండోస్ ఫైర్‌వాల్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, వాళ్లు వాడేవన్నీ నా ఎదుటే ఒకసారి తెరిపించి అడిగినవాటికి నేనే ఓకే చెప్పాను. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఇంటి వైఫైని ప్రైవేట్‌గా మార్చాను, పబ్లిక్‌లో ఉన్నంతసేపూ వైఫై ప్రింటర్ కనపడేది కాదు. ఆయనకి స్టాండర్డ్ అకౌంట్ (సిస్టమ్ సెట్టింగ్స్ మార్చే అధికారం లేనిది) ఇచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకున్నాను. ఇది కాస్త మొహమాటమే, పెద్దాయన సిస్టమ్‌కి నేను తాళం వేసినట్టుంటుంది, కానీ చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేయాలన్నా ఫైర్‌వాల్ మార్చాలన్నా అదే అడ్డుపడుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి, బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచే మన స్క్రీన్ చూసి నడిపే ప్రోగ్రామ్) వేయించేవాళ్లని విండోస్ ఫైర్‌వాల్ పట్టుకోదు, ఎందుకంటే ఆ కనెక్షన్ మన సిస్టమ్ నుంచే బయటికి వెళ్తుంది. అందుకే స్క్రీన్ చూపించమని ఎవరడిగినా ఫోన్ పెట్టేసి నాకు చేయమన్నాను, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలని మానిటర్ అంచున కాగితం అంటించాను.

మీ నాన్నగారు ట్యాలీ లాంటిది రెండు సిస్టమ్‌ల మధ్య నడుపుతుంటే మాత్రం ఇన్‌బౌండ్ రూల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రానిచ్చేది) ఒకటి విడిగా పెట్టాల్సి రావచ్చు. అలాంటిదేమైనా ఉందా?