మీ నాన్న షష్టిపూర్తి గురించి

గుంటూరు,
2026 ఏప్రిల్

అమ్మాయ్,

నిన్న ఫోన్లో సగం మాటలు నీ పిల్లాడి ఏడుపులో కొట్టుకుపోయాయి. మిగతా సగం నాకే సరిగ్గా వినపడలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, మీ అన్నయ్యకి కూడా ఫోటో తీసి పంపు.

జూలైలో అన్నయ్యకి సెలవు దొరుకుతుంది కాబట్టి జూలై 1నే చేసేద్దామన్నావు. కేకు కొయ్యాలంటే కొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. షష్టిపూర్తి మాత్రం ఆ రోజు కుదరదు. జూలై 1 మీ నాన్న పుట్టిన రోజు కాదు, బళ్ళో రాసిన రోజు. అప్పట్లో పిల్లాణ్ణి తీసుకెళ్ళి నిలబెడితే, కుడిచెయ్యి నెత్తి మీదుగా ఎడమ చెవికి అందితే చేర్చుకునేవాళ్ళు. మీ నాన్న చేతులు పొడుగు. హెడ్‌మాస్టరుగారు ఆయన తోచిన తేదీ ఒకటి వేసేశారు. ఆ తేదీ ప్రకారమే ఉద్యోగం, ఆ ప్రకారమే 62 నిండి 2028లో రిటైర్మెంటు. అసలు పుట్టింది పరాభవ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ దశమి. 1966 నవంబరు. నాకప్పుడు ఆరేళ్ళు, బాగా గుర్తు.

ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై పేర్లు ఒక చుట్టు తిరిగి మొన్న ఉగాదికి మళ్ళీ పరాభవే వచ్చింది. మనిషి పుట్టిన ఏడు పేరుతో సహా తిరిగి రావడం జన్మకి ఒకసారే. షష్టిపూర్తి అంటే అదే. (ఇలాంటి పేరున్న ఏడాదిలో పుట్టావు కాబట్టే చదరంగంలో రోజూ ఓడిపోతున్నావని మా నాన్న వాణ్ణి ఏడిపించేవాడు.) తిథా, జన్మనక్షత్రమా అని ఒక్కో ఇంట ఒక్కో ఆనవాయితీ. మనింట్లో తిథే. నవంబరు మూడో వారంలో పడుతుంది. అన్నయ్యని ఇప్పుడే సెలవు పెట్టుకోమను. కార్తీకం అంటే పెళ్ళిళ్ళ హడావిడి కూడా మొదలవుతుంది, తెనాలిలో హాలు కావాలంటే ఈ నెలలోనే అడ్వాన్సు ఇవ్వాలి. ఒక మంచి సంగతి, దశమి సోమవారం పడటం లేదు. పడితే వచ్చినవాళ్ళలో సగం మంది ఉపవాసమని ఆకు ముందు కూర్చోరు.

శుభలేఖ అచ్చుకిచ్చే ముందు నాకు చూపించు. ‘షష్ఠిపూర్తి’ అని వేసుకొస్తారు. షష్ఠి అంటే ఆరో తిథి, సుబ్రహ్మణ్యస్వామి షష్ఠి. అరవైకి షష్టి, ‘ష’ కింద ‘ఠ’ కాదు, ‘ట’. తెలుగు మేష్టారి కార్డులో తప్పు పడితే ఆయన శిష్యులు పది మంది ఫోన్లు చేస్తారు, అది నీకు తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన లిస్టు చూశాను. డెకరేషను, డ్రోను, ఎల్‌ఈడీ తెర, సన్నాయి మేళం, మెనూలో ఇరవై ఎనిమిది రకాలు. మనుషుల జాబితా ఏదీ? ‘రెండొందల యాభై మంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు.

2023 ఫిబ్రవరిలో నాయనమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేశాం గుర్తుందా? నువ్వు నిండు చూలాలివి, రాలేదులే. ఆవిడ పుట్టిన తేదీ ఎక్కడా రాసిలేదు. విశాఖపట్నం మీద జపాను వాళ్ళు బాంబులేసిన చైత్రంలో పుట్టానంటుంది, అంటే 1942 ఏప్రిల్. పున్నమికీ పున్నమికీ ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ లెక్కన వెయ్యి పున్నములు నిండటానికి ఎనభై ఏళ్ళ పది నెలలు పడుతుంది. మధ్యలో వచ్చే అధిక మాసాల వల్ల అలా కలిసొస్తుంది. సిద్ధాంతిగారు వేళ్ళ మీద లెక్కపెట్టి ముహూర్తం ఇచ్చారు. అంతవరకూ బాగానే జరిగింది. ఏర్పాట్లన్నీ నావే. బాధ్యతా నాదే.

ఏసీ హాలు తీసుకున్నాను. లోపల హోమం చేస్తే కుదరదు, పొగ బయటికి పోదు అని ఆ రోజు పొద్దున చెప్పారు హాలు వాళ్ళు. హోమం వెనకాల రేకుల షెడ్డు కిందికి మార్చాం. అమ్మ మూడు గంటలు ఆ పొగలో కూర్చుంది. తర్వాత స్టేజీ మీద మనవలూ మనవరాళ్ళూ మైకు పుచ్చుకుని ఒక్కొక్కరూ మాట్లాడారు. ఎవరు ఎక్కువ ఏడిస్తే వాళ్ళకి చప్పట్లు. రెండున్నర దాకా ఆవిడ నోట్లో పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. షుగరున్న మనిషి. చెమటలు పట్టి తల వాల్చేసింది. నా పక్కనున్నావిడ ‘పాపం, ఆనందబాష్పాలు’ అంది. నేను బెల్లం ముక్క కోసం పరిగెత్తాను.

అది కూడా సర్దుకుంది. సర్దుకోనిది ఇంకొకటి ఉంది. అమ్మ చిన్నప్పటి స్నేహితురాలు, ఇద్దరూ కలిసి ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళు, వేమూరు దగ్గర పల్లెటూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చివరి వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. స్టేజీ ముందు ఫోటోల క్యూ తగ్గుతుందేమోనని చూసి, తగ్గక, ఏదో కొంచెం తిని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. రాత్రి చదివింపుల కవర్లు విప్పుతుంటే ఒక కాగితం పొట్లం దొరికింది. నూటపదహార్లు, పసుపు కొమ్ము, ఎండబెట్టిన మాచిపత్రి రెబ్బలు. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ‘వచ్చిందా? ఎవరూ చెప్పలేదేమే నాకు’ అంది. ఆ ఏడాది భాద్రపదంలో ఆ స్నేహితురాలు పోయింది.

అందుకని మొదటి జాబితా మీ నాన్న చేత రాయించు. పెద్ద ఎత్తున వద్దు, ఒక తెల్లకాగితం మీద పాతిక పేర్లు చాలు. వెంటనే చెప్పడు, ‘మీ ఇష్టం అమ్మా’ అంటాడు. రాత్రి భోజనమయ్యాక, వరండాలో కూర్చున్నప్పుడు అడుగు. ట్రైనింగులో రూమ్మేటు, దుగ్గిరాలలో పని చేసినప్పటి అటెండరు, అప్పిచ్చి ఆదుకున్న కిరాణా కొట్టాయన, ఇలాంటివాళ్ళే వస్తారు ఆ జాబితాలోకి. ఆ పాతిక మందికి నువ్వో అన్నయ్యో స్వయంగా ఫోన్ చెయ్యాలి. వాట్సప్‌లో పడేస్తే వాళ్ళు రారు. వచ్చాక వాళ్ళని చూసుకోవడానికి ఒక కుర్రాణ్ణి ప్రత్యేకం పెట్టు. స్టేజీ దిగాక ఒక గంట మీ నాన్నని వాళ్ళకి వదిలెయ్యండి. ఫోటోగ్రాఫరుకి ఆ గంట భోజనం పెట్టించు.

సర్‌ప్రైజులు వద్దే వద్దు. బీపీ మనిషి. పైగా మీ నాన్నకి తెలియకుండా ఈ ఊళ్ళో ఏదైనా జరుగుతుందని మీరెలా అనుకుంటున్నారో నాకు అర్థం కాదు.

హోమం ఇంట్లోనే, పెరట్లో, తెల్లవారుతూనే మొదలు పెట్టించు. పుణ్యాహవాచనం, కలశ స్థాపన, నవగ్రహాలు, మృత్యుంజయ హోమం, ఆయుష్య హోమం, తర్వాత ఆ కలశాల నీళ్ళతో దంపతులకి మంగళస్నానం. కంచు గిన్నెలో నేతిలో ముఖం చూసుకుని దానం ఇవ్వడం కూడా ఉంటుంది. ఎంతసేపు పడుతుందో పంతులుగారిని ముందే అడిగి, మాత్రలు వేసుకునే వేళ ఆయనకి చెప్పు. పాలూ పండూ తీసుకోవచ్చంటారు, అడగనివాళ్ళే మాడిపోతారు. సంభావన కూడా ముందే మాట్లాడుకో, చివర్లో గొణుక్కోవడాలు ఎవరికీ బాగుండవు. హాలుకి పదకొండింటికి వెళ్తే చాలు. అక్కడ పెళ్ళి తంతు, అక్షింతలు, భోజనాలు. అంతే.

ఈ తంతులో మీ అమ్మ ఉందన్న సంగతి మీ లిస్టులో ఎక్కడా కనపడలేదు. మళ్ళీ మూడు ముళ్ళు వేయించుకునేది ఆవిడే కదా! పట్టుచీర ఆవిణ్ణే ఎంచుకోనియ్యి, నువ్వు ఆన్‌లైన్లో తెప్పించకు. మొన్న నాతో మెల్లగా అంది, ‘వదినా, అందరి ముందు తలంబ్రాలంటే సిగ్గుగా ఉంది’ అని. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో మీ నాన్న నలుగురిలో ఆవిడ పక్కన నిలబడింది గ్రూప్ ఫోటోలోనే. సిగ్గుపడనివ్వండి. ‘ముద్దు పెట్టు మావయ్యా’ అని కేకలేసే మేనల్లుళ్ళ బ్యాచీని మాత్రం ముందే హెచ్చరించు.

మీ అమ్మకి తిరుక్కడయూరు వెళ్ళాలనుంది. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నిన క్షేత్రం అది, అరవైలూ ఎనభైలూ నిండిన దంపతులు అక్కడ శాంతులు చేయించుకుంటారు. అసలు ఫంక్షనే అక్కడ పెడదామని అన్నయ్య అన్నాడట. వద్దు. నాయనమ్మ తమిళనాడు దాకా రాలేదు. కన్నతల్లి చేతి అక్షింతలు అరవయ్యో ఏట పడటం ఎంతమందికి దక్కుతుంది? ముందు ఆవిడ, తర్వాతే ఎవరైనా. ఆ చేతులు వణుకుతాయి, సగం కింద పోతాయి, తొందర పెట్టొద్దు. స్టేజీకి మెట్లు కాకుండా వాలుబల్ల వేయించు. తిరుక్కడయూరు సంక్రాంతి వెళ్ళాక వాళ్ళిద్దర్నే పంపండి.

ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్తాను. మీ మావయ్య పోయిన రెండేళ్ళకి మా దాయాదుల ఇంట ఒక షష్టిపూర్తికి వెళ్ళాను. హారతికి ముత్తయిదువలు రండమ్మా అని పిలిచారు. నేను పళ్ళెం పట్టుకుని ఉన్నాను, నా చేతిలోంచి తీసుకుని ‘నువ్వలా కూర్చో’ అన్నారొకరు. కూర్చున్నాను. ఫ్యాను కింద, చెప్పుల గుట్ట పక్కన. తమ్ముడి షష్టిపూర్తిలో నేను అలా కూర్చోను. నాయనమ్మా కూర్చోదు. మీ పెద్దమ్మా కూర్చోదు. ఈ ముక్క పంతులుగారికి నువ్వే చెప్పు. ఆయన మంచివాడే, అభ్యంతరం పెట్టడు. పెట్టేది మనవాళ్ళే.

డబ్బు సంగతి. నువ్వూ అన్నయ్యా ఎవరెంతో ఇప్పుడే తేల్చుకోండి. మీ నాన్న పీఎఫ్ అప్పుకి అర్జీ పెట్టకుండా కన్నేసి ఉంచు, పెట్టే రకం. ఇరవై ఎనిమిది రకాలు పన్నెండు చెయ్యి. పూర్ణం బూరెలు, పులిహోర, కందాబచ్చలి, గుమ్మడికాయ పులుసు, గట్టి పెరుగు ఉండాలి. కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండా చెప్పు. పెద్దవాళ్ళకి ఒక పక్కన ఆకులేసి బంతి పెట్టించు, బఫే ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడలేరు. మిగిలిన డబ్బుతో ఏకాదశి వెళ్ళాక వనభోజనాలు పెట్టు. మీ నాన్న శిష్యుడొకడికి కొల్లిపర దగ్గర తోట ఉంది, అందులో ఉసిరిచెట్టు ఉంది. నిజానికి ఫంక్షను కంటే మీ నాన్నకి అదే నచ్చుతుంది. చదరంగం బల్ల కూడా పట్టుకెళ్ళండి.

ఆ పాతిక పేర్లలో మొదటిది ఎవరిదో నాకు ఇప్పుడే తెలుసు. బళ్ళో పక్క బెంచీ వాడు, ఒకే పలక మీద ఇద్దరూ రాసుకున్నవాళ్ళు. ఏదో పొలం గట్టు గొడవలో మాటలు లేక పదేళ్ళవుతోంది. పేరు మీ నాన్న రాయడు, పెన్ను పట్టుకుని కాసేపు ఆగుతాడు. నువ్వేమీ అడగకు. వచ్చే ఆదివారం నేను అటు వెళ్తున్నాను, వాళ్ళింటికి నేనే వెళ్ళి బొట్టు పెట్టి పిలిచొస్తాను.

మీ అత్తయ్య