మా దేశం అన్నిటికంటే ప్రత్యేకం అనే నమ్మకానికీ దేశభక్తికీ తేడా ఏంటి?

నా దేశమంటే నాకిష్టం అనడం దేశభక్తి, మాది అందరిలాంటి దేశం కాదు కాబట్టి అందరి రూల్స్ మాకు వర్తించవు అనడం ఆ ప్రత్యేకం అనే నమ్మకం. ఇది ఎక్కువగా వినిపించేది అమెరికాలో. 1630లో, ఇంగ్లండ్ నుంచి అక్కడికి వలస వెళ్ళినవాళ్ళ నాయకుడు జాన్ విన్‌త్రాప్ తమ కాలనీని కొండ మీది నగరం అన్నాడు, లోకమంతా మనల్నే చూస్తుంది, దారి తప్పితే నవ్వులపాలవుతాం అని, అంటే అది నిజానికి హెచ్చరిక, 1980లలో ప్రెసిడెంట్‌గా ఉన్న రీగన్ దగ్గరికొచ్చేసరికి అదే మాట గొప్పలకి పనికొచ్చింది.

అసలు ఎఫెక్ట్ కనిపించేది చట్టాల్లో. యుద్ధ నేరాల్లాంటివి విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒప్పందం మీద 2000లో అమెరికా వాళ్ళు సంతకం పెట్టారు గానీ రాటిఫై చెయ్యలేదు, అంటే దానికి కట్టుబడతామని ఖరారు చెయ్యలేదు, పైగా 2002లో, తమ సైనికుల్ని ఆ కోర్టు నిర్బంధిస్తే విడిపించడానికి అవసరమైన చర్యలన్నీ తీసుకునే అధికారం ప్రెసిడెంట్‌కిస్తూ చట్టం చేసుకున్నారు. 2011లో లిబియా వ్యవహారాన్ని అదే కోర్టుకి పంపడానికి మాత్రం ఐక్యరాజ్యసమితి సెక్యూరిటీ కౌన్సిల్‌లో ఓటేశారు!

అమెరికా ఒక్కటే అని కాదు లెండి, ఫ్రాన్స్ కూడా తన వలసపాలనని నాగరికత నేర్పడం అనే చెప్పుకుంది. 2009లో ఒబామాని దీని గురించి అడిగితే, నాకు ఆ నమ్మకం ఉంది, బ్రిటిష్ వాళ్ళకీ గ్రీకులకీ వాళ్ళ దేశాల మీద ఉన్నట్టే అన్నాడు, దాని మీద ప్రత్యర్థులు ఏళ్ళ తరబడి విమర్శించారు.