ప్రాజెక్టు అయిపోయింది, ఇక రావద్దంటున్నారు

ప్రశ్న: హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి కింద ఉన్న ఒక ల్యాబ్‌లో ఎనిమిదేళ్లుగా ప్రాజెక్టు అసిస్టెంటుగా చేస్తున్నాను. ప్రకటన చూసి వెళ్తే ఇంటర్వ్యూ చేసి తీసుకున్నారు. ఇప్పటికి మూడు ప్రాజెక్టుల్లో చూపించారు, మధ్య మధ్య ఒక్కో రోజు బ్రేక్ ఇచ్చారు. నేను చేసేది మాత్రం మొదటి నుంచీ ఒకటే, ఎన్ఎంఆర్ మెషీన్ (రసాయనాల అణు నిర్మాణం తేల్చే యంత్రం) మీద శాంపిల్స్ నడపడం. నిధులు లేవు, నెలాఖరు తర్వాత రావద్దని ఇప్పుడు నోటిమాటగా చెప్పారు. కాగితం అడిగితే ఇవ్వరు. రాజీనామా రాస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, లేదంటే ఏజెన్సీ ద్వారా తక్కువ జీతానికి చేరమంటున్నారు. డైరెక్టర్‌గారు కలవనివ్వరు. మరో పదకొండు మందిదీ ఇదే పరిస్థితి. లేబర్ కోర్టుకా, హైకోర్టుకా, ఎక్కడికి వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాజీనామా మాత్రం రాయకండి. అది ఇచ్చిన మరుక్షణం మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు, మీరే మానేశారు అవుతుంది. ఆ తర్వాత ఏ వాదనకూ కాళ్లుండవు. ఎనిమిదేళ్లు పనిచేసినందుకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌ను రాజీనామాతో ముడిపెట్టడం తప్పు. ఆ మాట ఫోన్లో అని ఉంటే, "ఫలానా రోజు మీరు ఇలా అన్నారు" అని అదే రోజు మెయిల్ పెట్టండి. కాదని జవాబు రాకపోతే అదీ మీకు ఆధారమే.

ఏజెన్సీ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ ఫారం మీద సంతకం పెడితే మీరు కాంట్రాక్టరు మనిషి అయిపోతారు. కాంట్రాక్టు కార్మికులను అసలు యజమాని దానంతటదే పర్మనెంట్ చేసుకోనక్కర్లేదని స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 2001లో తేల్చింది. ఇల్లు గడవక తప్పనిసరై చేరాల్సి వస్తే, పాత ఉద్యోగంపై నా హక్కు వదులుకోవడం లేదని ముందే ల్యాబ్‌కు రాసి, ఆ తర్వాత చేరండి.

ఇప్పుడు కాగితం పుట్టించాలి. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌కు, డైరెక్టర్‌కు మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో ఒక వినతిపత్రం పంపండి. ఏ తేదీన ఎవరు ఏం చెప్పారు, మీ మొదటి నియామకం ఎప్పుడు, ఏయే ప్రాజెక్టుల్లో చూపించారు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, తీసేస్తే లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఇంతే, ఒక్క పేజీ. మేనేజ్‌మెంట్ మీద మీకున్న కోపం న్యాయమైనదే, కానీ ఈ కాగితంలోకి రానివ్వకండి. రేపు ట్రిబ్యునల్ చదివేది దీన్నే. గేటు దగ్గర ఆపితే ఆ రోజే, టైముతో సహా, ఇంకో మెయిల్ పెట్టండి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ సంస్థను బట్టి ఉంటుంది. అది సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి) ల్యాబ్ అయితే, కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు చూసే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే క్యాట్, హైదరాబాద్ బెంచ్. సీఎస్ఐఆర్ కేవలం సొసైటీ కాబట్టి రాజ్యాంగ హక్కులు అడగడానికి లేదని 1975లో సభాజిత్ తివారీ కేసులో అన్నారు. 2002లో ప్రదీప్ కుమార్ బిశ్వాస్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసి, సీఎస్ఐఆర్ కూడా రాజ్యాంగం దృష్టిలో 'రాజ్యమే', అంటే ప్రభుత్వం లాంటిదేనని తేల్చింది. క్యాట్ పరిధిలోని సంస్థ అయితే నేరుగా హైకోర్టులో రిట్ వేయడం కుదరదు, 1997 నాటి చంద్రకుమార్ తీర్పు ప్రకారం ముందు క్యాట్, క్యాట్ ఇచ్చిన తీర్పుపైనే హైకోర్టు. పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం 14(2) సెక్షన్ కింద నోటిఫై కాని, అంటే కేంద్రం ప్రకటన ఇచ్చి క్యాట్ పరిధిలోకి తేని, స్వతంత్ర సంస్థ అయితే మాత్రం హైకోర్టే.

లేబర్ కోర్టును నేను సిఫారసు చేయను. అక్కడికి వెళ్లాలంటే మీ సంస్థ చట్టం దృష్టిలో 'పరిశ్రమ' అయి ఉండాలి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ పరిశ్రమ కిందికి రాదని సుప్రీంకోర్టు 1997లోనే అంది. మీ ల్యాబ్ వకీలు మొదటి వాయిదాలోనే ఆ తీర్పు చూపిస్తాడు. పరిశ్రమ అవునా కాదా అన్న వాదనలోనే ఏళ్లు గడుస్తాయి.

గెలుపోటముల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. నిజంగా ఒక ప్రాజెక్టు కోసమే తీసుకుని, అది ముగిసిందని పంపితే పర్మనెంట్ చేయమని అడగడం కష్టం. సరైన నియామక పద్ధతిలో రాని తాత్కాలిక ఉద్యోగులకు పర్మనెంట్ అయ్యే హక్కు లేదన్న 2006 నాటి ఉమాదేవి తీర్పు అడ్డొస్తుంది. కానీ మీది ఆ కోవలోది కాదేమో చూడాలి. ప్రాజెక్టులు మూడు మారినా మెషీన్ మారలేదు, పని మారలేదు. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన స్వీపర్లు తదితరుల విషయంలో 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. పని ఎప్పుడూ ఉండేదైతే, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల సర్వీసును కాదనకూడదంది. వాళ్లు క్యాట్‌లో, ఢిల్లీ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టులో గెలిచారని కూడా తెలుసుకోండి. ఓపిక కావాలి. ఇక మీ స్థానంలో మరో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదన్న వాదన ఇంతకంటే బలమైనది. మనీష్ గుప్తా కేసులో 2022లో సుప్రీంకోర్టు అన్నది అదే. అందుకే ఏజెన్సీ మనిషిని అదే కుర్చీలో కూర్చోబెడితే మీకు కావాల్సిన సాక్ష్యం దొరికినట్టే.

సాక్ష్యం ఎక్కడుందో మీకు తెలుసు. మెషీన్ పక్కనుండే లాగ్ రిజిస్టర్. తేదీ, శాంపిల్ నంబరు, ఎవరి శాంపిల్, ఎంతసేపు నడిపారు, ఆపరేటర్ సంతకం. మీ ప్రాజెక్టుతో సంబంధం లేని వేరే గ్రూపుల శాంపిళ్లు, డబ్బు కట్టి బయటి కంపెనీలు పంపినవి అందులో మీ సంతకంతో ఉంటే, మీరు ప్రాజెక్టు మనిషి కాదు, ల్యాబ్ మనిషి అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? రిజిస్టర్ ఇంటికి తీసుకెళ్లకండి, దొంగతనం కేసు పెడతారు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి ఆ పేజీల నకళ్లు, బయోమెట్రిక్ హాజరు, మూడు ప్రాజెక్టుల మంజూరు ఉత్తర్వులు, ముగింపు తేదీలు, ఏజెన్సీతో ఒప్పందం అడగండి. జవాబుకు 30 రోజుల గడువు. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. కంపెనీల పేర్లు రహస్యమంటే, పేర్లు కొట్టేసి ఇమ్మనండి. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే మీరూ చేశారని ఇందులో తేలితే, ఆ స్కేలులో కనీస వేతనానికి 2016 నాటి జగ్జీత్ సింగ్ తీర్పు కింద బకాయి కూడా అడగొచ్చు.

గడువు విషయంలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు క్యాట్‌లో దరఖాస్తు పడాలి. చట్టప్రకారం చేసుకున్న విజ్ఞాపనకు ఆరు నెలలు జవాబు రాకపోతే, అక్కడి నుంచి ఏడాది. వినతి మీద వినతి పెడుతూ పోతే గడువు పెరగదు. ఫీజు యాభై రూపాయలే. ఒకే ఉత్తర్వు, ఒకే కారణమైతే పన్నెండు మందీ అనుమతి అడిగి ఉమ్మడిగా వేయొచ్చు. కానీ మీ లాగ్ రిజిస్టర్ లాంటి ఆధారం మిగతావారికి లేకపోతే మీరు విడిగా వేయడమే మేలు. వారిలో ఎవరైనా ప్రసూతి సెలవులో ఉంటే ఆమెది పూర్తిగా వేరే కేసు: కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగవని కవితా యాదవ్ కేసులో 2023లో తీర్పు ఉంది.

నెలాఖరు ఇంకా దాటలేదు కదా, ఈ వారమే వకీలును కలవండి. సాధారణంగా వినతిపత్రం ఫలితం చూశాకే క్యాట్‌కు రమ్మంటారు గాని, అత్యవసరమైతే మినహాయింపు ఉంది. పనిలో ఉండగానే యథాతథ స్థితి ఉత్తర్వు అడగడం, బయటకు పంపాక తిరిగి చేర్చుకోమనడం కంటే చాలా సులువు. ఎదుటి పక్షానికి ముందుగా కాపీ ఇవ్వకుండా తెచ్చుకున్న మధ్యంతర ఉత్తర్వు 14 రోజుల్లో చెల్లకుండా పోవచ్చు. కాబట్టి దరఖాస్తు కాపీ ల్యాబ్ తరఫు న్యాయవాదికి ముందే అందించి, ముట్టినట్టు సంతకం తీసుకోమని మీ వకీలుకు గుర్తుచేయండి.