ఇంటావిడ నగలు కుదువ పెట్టి వడ్డీకి తిప్పొద్దు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 60, నా భార్యకు 57. యర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ని, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. సొంతిల్లుంది, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. 20 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో, 11 లక్షలు ఒక సహకార బ్యాంకులో ఐదేళ్ల డిపాజిట్‌గా ఉన్నాయి. పింఛనుతో కలిపి నెలకు 24 వేలు వస్తాయి, 20 వేలు ఖర్చు. నాకు బీపీ, షుగరు లేవు. పొద్దున గంట నడుస్తాను, రాత్రికి సంగటే. ఆమెకు షుగరు, మోకాళ్ల నొప్పులు. ఆమె నగలు బ్యాంకులో పెట్టి 8 లక్షలు తెచ్చి, తెలిసిన బట్టల వ్యాపారికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తే, బ్యాంకు వడ్డీ పోను నెలకు 9 వేలు మిగులుతుంది. ఆ డబ్బుతో యాత్రలు చేస్తూ సంతోషంగా ఉండాలని ఆశ. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు సార్. బ్యాంకులో తక్కువ వడ్డీకి తెచ్చి బయట రెండు రూపాయలకు తిప్పే ఆలోచన మన సీమలో రిటైరైన చాలామందికి వస్తుంది. అందుకే మీ ఉత్తరం ముందు తీసుకున్నాను.

నెలకు 9 వేల చొప్పున 8 లక్షలు రావాలంటే ఏడేళ్లు దాటుతుంది. అన్నేళ్లూ ఒక్క నెల కూడా తప్పకుండా వస్తేనే, మీరు పణంగా పెట్టిన సొమ్ముకు సరిసమానం. ఈలోపు ఎప్పుడు ఆయన చేతులెత్తేసినా బ్యాంకుకు కట్టాల్సింది మీరే, కట్టలేకపోతే వేలానికి వెళ్లేది ఆమె నగలే. ఆయన ఎంత మంచివాడైనా, ఏడాదికి 24 శాతం వడ్డీకి మీ దగ్గర తీసుకుంటున్నాడంటే బ్యాంకులో ఆయనకు అప్పు పుట్టడం లేదనే అనుకోవాలి. ప్రోనోటు రాయించుకుంటాను అంటారేమో. మూడేళ్ల లోపు దావా వేయకపోతే దానికి కాలం చెల్లుతుంది. వేస్తే వాయిదాలకు తిరగాల్సింది మీరు. నెల మొదట్లో ఒకరి షాపు ముందు నిలబడే టెన్షన్ రాత్రి నిద్రను తినేస్తుంది. రోజూ గంట నడిచి మీరు కాపాడుకుంటున్న ఆరోగ్యం అలాగే పోతుంది.

అసలు నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా అన్న మాటే లేదు. ఫ్యాక్టరీ ఇచ్చిన గ్రూప్ పాలసీ రిటైరైన రోజుతో ఆగిపోయి ఉంటుంది. అప్పుడే అడిగి దాన్ని అదే బీమా కంపెనీలో సొంత పాలసీగా మార్చుకుని ఉంటే, మీ పాత కాలమంతా వెయిటింగ్ పీరియడ్‌లో (కొన్ని జబ్బులకు క్లెయిము ఇవ్వని మొదటి కాలంలో) కలిసొచ్చేది. త్వరలో రిటైరవబోయే వాళ్లు ఈ ఒక్క విషయం మాత్రం మరచిపోకండి.

మా నాన్నకు అనంతపురంలో గుండెనొప్పి వచ్చిన రాత్రి బెంగళూరుకు తీసుకెళ్లాం. కౌంటర్ దగ్గర 60 వేలు అడ్వాన్సు కట్టమన్నారు. ఆరు లక్షల డిపాజిట్ బాండ్లు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. బ్యాంకు తెరవడానికి ఇంకా తొమ్మిది గంటలుంది. అమ్మ ఆస్పత్రి బాత్రూంలోకి వెళ్లి, చేతికి సబ్బు రాసుకుని గాజులు తీసి నాకిచ్చింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి, ఆమె మణికట్టు ఎర్రగా కమిలిపోయింది. వాటిని పట్టుకుని నేను ఒక తెలిసినాయన తలుపు కొట్టాను. ఆ రాత్రి అమ్మ చేతికి కనీసం గాజులున్నాయి. మీ ఇంటావిడ నగలు బ్యాంకులో కుదువలో ఉంటే, అలాంటి రాత్రి మీ దగ్గర ఏముంటుంది?

కాబట్టి ఈ నెలలోనే ఇద్దరికీ విడివిడిగా పాలసీలు తీసుకోండి. మీకు ఏ జబ్బూ లేదు గనుక కంపెనీ పేచీ పెట్టకుండా ఇచ్చే వయసు ఇదే. ఆమె షుగరు, మోకాళ్ల సంగతి ఫారంలో తప్పకుండా రాయండి. దాచిపెడితే రేపు క్లెయిము కొట్టేస్తారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదని 2024 నుంచి నియమం. ఇవాళ మొదలుపెడితే ఆమెకు అరవై వచ్చేసరికి అది తీరిపోతుంది. ఐదు లక్షల పాలసీ ఒకటి, దాని మీద, ఐదు లక్షలు దాటిన బిల్లులను చూసుకునే సూపర్ టాపప్ పాలసీ చాలు. గది అద్దెకు పరిమితి, బిల్లులో మీ వాటా ఎంత అన్నవి చదివాకే సంతకం పెట్టండి. ప్రొద్దుటూరు, కడప ఆస్పత్రులతో పాటు మీరు వెళ్లే అవకాశమున్న తిరుపతి, వేలూరు, బెంగళూరు ఆస్పత్రులు బీమా కంపెనీ లిస్టులో ఉన్నాయా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ లేదు. అయినా ఏడాదికి మీకు మిగిలే 48 వేలు దాదాపుగా ప్రీమియానికే పోవచ్చు. పోనివ్వండి. 70 దాటితే కేంద్రం ఆయుష్మాన్ పథకం కింద ఐదు లక్షల కవరేజీ ఉంది గానీ, దానికి మీకు ఇంకా పదేళ్లుంది. ఎన్టీఆర్ వైద్యసేవకు అర్హత ఉందో లేదో సచివాలయంలో ఒకసారి అడగండి.

పాలసీ ఉన్నా చేతిలో డబ్బు ఉండాలి. అంబులెన్సు, వేలూరులో లాడ్జి, తోడున్నవాళ్ల తిండి, నెలనెలా షుగరు బిళ్లలు ఏ బీమా పూర్తిగా ఇవ్వదు. డబ్బు సర్దుబాటు కాక బిళ్లను సగానికి విరిచి వేసుకునే పెద్దవాళ్లను నేను చూశాను. ఏడాది ఇంటిఖర్చు 2 లక్షల 40 వేలు, పైన వైద్యానికి మరో రెండు, మొత్తం దాదాపు నాలుగున్నర లక్షలు విడిగా ఉంచండి. సీనియర్ సిటిజన్ స్కీమును కదపొద్దు, మధ్యలో తీస్తే అసల్లో కోత పడుతుంది, దాని మీద అప్పు కూడా ఇవ్వరు. ఆ 11 లక్షల డిపాజిట్‌ను తెంచండి, కాస్త వడ్డీ పోయినా ఫరవాలేదు. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు బీమా రక్షణ 5 లక్షల వరకే ఉంది, మీరు అంతా ఒకే సహకార బ్యాంకులో పెట్టారు. ఏ బ్యాంకులోనూ 5 లక్షలు దాటకుండా వేరే బ్యాంకులకు పంచి, లక్ష లక్షగా డిపాజిట్లు వేయండి, అవసరమైతే ఒక్కటే తెంచొచ్చు. ఇంటి మీద రివర్స్ మార్ట్‌గేజ్ (ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకోవడం), మ్యూచువల్ ఫండ్లు ఇప్పుడు మీకు అక్కర్లేదు.

యాత్రలు మానుకోమనడం లేదు. అహోబిలం, మహానంది, శ్రీశైలం మీకు దూరమేమీ కావు. ఏపీఎస్‌ఆర్‌టీసీలో 60 దాటిన వాళ్లకు టికెట్ మీద పావు వంతు రాయితీ ఉంది.

అత్యవసరపు డబ్బున్న ఖాతా ఇద్దరి పేర్ల మీద ఉండాలి. ఏటీఎం కార్డు తీసుకుని ఆమెను వెంటబెట్టుకెళ్లి, ఆమె చేతే ఒకసారి ఐదొందలు తీయించండి.