మార్చిలో ఫీల్డ్ వర్క్ పెడితే పక్షులు ఉంటాయా?

ప్రశ్న: నమస్తే మేడం, మాది టెక్కలి దగ్గర. ఎమ్మెస్సీ జువాలజీ ఫైనలియర్, తేలినీలాపురం పక్షుల గూళ్ళ మీద ప్రాజెక్ట్. డిసెంబర్‌లో మొదలు, ఏప్రిల్ ఆఖరికి సబ్మిట్ చెయ్యాలి. జనవరి చదవడం, ఫిబ్రవరి పర్మిషన్, మార్చి ఫీల్డ్, ఏప్రిల్ రాయడం అని నెలకో పని రాసిస్తే గైడ్ గారు కొట్టేశారు. ఏటి తప్పు? వారానికి ఒక్కరోజే వెళ్ళగలను, సరిపోద్దా?

జవాబు: అమ్మా, పక్షులు నీ సెమిస్టర్ చూసుకుని రావు కదా! పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు సెప్టెంబర్ ప్రాంతంలో వచ్చి మార్చి, ఏప్రిల్‌కల్లా పిల్లల్ని ఎగరేసుకుని పోతాయి, నువ్వు నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళేసరికి సగం చెట్లు ఖాళీ.

ముందు మన చేతిలో లేనివి రాసుకో: పక్షులు వెళ్ళిపోయే టైం, సబ్మిషన్ డేట్, అటవీ శాఖ పర్మిషన్, సంక్రాంతి వారం (ఆ వారం ఏ ఆఫీసులోనూ పని అవదు, అది కొట్టెయ్). మిగిలిందే నీ టైం. అందుకే పర్మిషన్ లెటర్ ఈ వారమే పెట్టెయ్, ఫీల్డ్ ఫిబ్రవరి ఆఖరికి ముగించెయ్, చదవడం సాయంత్రాలు చూసుకోవచ్చు, దానికి ప్రత్యేకంగా నెల అక్కర్లేదు. నువ్వు మొదలెట్టేసరికే గూళ్ళు కట్టడం చాలావరకు అయిపోయి ఉంటుంది, కాబట్టి గుడ్డు నుంచి ఎగిరేదాకా అన్నీ చూస్తానని టైటిల్ పెట్టకు, కొన్ని చెట్లు ఎంచుకుని గూళ్ళు, పిల్లలు లెక్కపెట్టు చాలు. సెప్టెంబర్‌లోనే మొదలెట్టే జూనియర్లుంటే తుఫాన్లకీ రెండు వారాలు వదలమను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది కదా.

ఇంక రాయడానికి నెల చాలంటున్నావు. 1994లో కెనడా సైకాలజీ వాళ్ళు థీసిస్ రాసే స్టూడెంట్లని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 అన్నారు, అన్నీ అడ్డం తిరిగితే 49 అన్నారు, తీరా పట్టింది 55పైనే! అంటే భయపడి చెప్పిన లెక్క కూడా చాల్లేదు. నీ అంచనా పక్కనపెట్టి, పోయినేడు సీనియర్లకి నిజంగా ఎన్నాళ్ళు పట్టిందో అడుగు, గైడ్ గారు డ్రాఫ్ట్ తిరిగివ్వడానికి ఎన్నాళ్ళు తీసుకున్నారో కూడా. మార్చి మొదట్లోనే రాయడం మొదలెట్టి ఏప్రిల్ మొదటి వారంలో ఆయన చేతిలో పెట్టెయ్.

వారానికి ఒక్కరోజు సరిపోద్ది, కాకపోతే ప్రతివారం అదే రోజు, అదే టైం, అవే చెట్లు. ఒకసారి పొద్దున్న, ఒకసారి మధ్యాహ్నం వెళ్తే, ఒక్కోసారి తల్లిపక్షులు మేతకి పోయి ఉండొచ్చు, అప్పుడు లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చలేవు.