ఆశ్వాసాన్ని అధ్యాయం అనవచ్చా?

సందేహం: వేర్వేరు ఊళ్లలో, దేశాల్లో ఉన్న మేము కొందరం ఆన్‌లైన్‌లో కలుసుకుని కవిత్రయ భారతం చదువుకుంటున్నాం. ఒకరు చదువుతుంటే మిగిలినవారు వింటారు. కొత్తవారికి సులువుగా ఉంటుందని 'ఆశ్వాసం' బదులు 'అధ్యాయం' అని రాస్తున్నాం. అది తప్పని ఒక సభ్యులు అంటున్నారు. రెండూ ఒకటే కాదా? రామాయణ భాగాలనూ 'పర్వాలు' అనవచ్చా?

సమాధానం: మీ సభ్యుల మాటే సరైనది. వాడుకలో తేడా వస్తే ఏమవుతుందో ముందు చూడండి. 'ఆదిపర్వం 3వ అధ్యాయం చదివి రండి' అని మీరు కబురు పెట్టారనుకుందాం. తెలుగు భారతం చేతిలో ఉన్నవారు తృతీయాశ్వాసం తెరిచి యయాతి, దేవయానుల కథ చదువుతారు. సంస్కృత మూలం దగ్గర పెట్టుకున్నవారు ఉదంకుడి కథ చదివి వస్తారు. ఆ కథ నన్నయలో ప్రథమాశ్వాసంలోనే ఉంది. వ్యాసభారతానికి అధ్యాయాలు నిజంగానే ఉన్నాయి మరి. పాత రాతప్రతులను సరిపోల్చి కూర్చిన పుణె సంశోధిత ప్రతిలో ఒక్క ఆదిపర్వానికే 225 అధ్యాయాలు. నన్నయ ఆ పర్వాన్ని 8 ఆశ్వాసాలుగా కూర్చాడు. తెలుగు భారతం మొత్తం 18 పర్వాలు, 63 ఆశ్వాసాలు.

ఇక మాట సంగతి. 'అధ్యాయం' అధ్యయనానికి చుట్టం. చదువుకునే భాగమని అర్థం. 'ఆశ్వాసం' అంటే ఊపిరి తీసుకోవడం, సేదతీరడం. ప్రాకృత కావ్యాల్లో సర్గలను ఆశ్వాసాలంటారని సంస్కృత ఆలంకారికుడు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పాడు. ప్రవరసేనుడి ప్రాకృత కావ్యం సేతుబంధం 15 ఆశ్వాసాలు. మన కవులకు ఈ పేరు నచ్చడానికి కారణం భారతం పుటల్లోనే కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఆదిపర్వం ప్రథమాశ్వాసం తప్ప నన్నయ రాసిన ఏ ఆశ్వాసమైనా మొదలు చూడండి. నన్నయ రాజరాజనరేంద్రుణ్ణి సంబోధిస్తూ ఒక పద్యం చెబుతాడు. అందులో అన్నీ పిలుపులే. వెంటనే ఒక వచనం వచ్చి, కథకుడైన ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులకు ఇలా చెప్పాడంటూ ఆగిన కథను అందుకుంటుంది. జనమేజయుడికి వైశంపాయనుడు, శౌనకుడికి ఉగ్రశ్రవసుడు, రాజుకు నన్నయ. కథ ఇలా ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరుతూ వస్తుంది. చివర మళ్లీ సంబోధన పద్యాలు, ఆపైన కవి పేరు చెప్పే గద్య. తిక్కన చేతికి వచ్చేసరికి ఆ సంబోధనలన్నీ ఆయన భారతాన్ని అంకితమిచ్చిన దైవం హరిహరనాథుడికి చెందుతాయి. చెప్పేవాడు ఊపిరి తీసుకుని, వినేవారిని పలకరించి, తిరిగి కథలోకి దిగే చోటు అది. ఈ పద్యాలను కథకు సంబంధం లేనివని చాలామంది దాటవేస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. ఒకరు చదువుతుంటే పదిమంది వినే మీ పద్ధతికి ఇవి అచ్చంగా సరిపోతాయి. కూడిక మొదట్లో ఒకటి, చివర ఒకటి పైకి చదివించండి.

పద్యాన్ని ఉదాహరించేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య వరుసగా ఇవ్వడం మనకు స్థిరపడిన పద్ధతి. నన్నయ రచన అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యంతో, శారదరాత్రుల వర్ణనతో ఆగింది. అక్కడి నుంచి ఎఱ్ఱన అందుకున్నాడు. ఇద్దరు మహాకవుల మధ్య అతుకు ఒక ఆశ్వాసం నడుమ పడింది! దాన్ని చూపించాలంటే 'అరణ్య. 4-142' అని రాస్తే చాలు, ఎవరైనా వేలు పెట్టి చూపగలరు.

కొత్తవారికి కష్టమన్న మీ ఆలోచన మంచిదే. మొదటి రోజు ఒక్కసారి అర్థం చెప్పండి, మరునాటికి వారే వాడతారు. రాసేటప్పుడు మాత్రం 'ఆస్వాసం' కాదు, శకారంతో 'ఆశ్వాసం'. భారతాన్ని వాడుక వచనంలో తిరిగి చెప్పిన పుస్తకం చదువుతుంటే, రచయిత అధ్యాయాలని పేరు పెట్టిన చోట అధ్యాయమే అనండి.

రామాయణానికి పర్వాలు లేవు, కాండలే. పర్వం అంటే కణుపు, కాండం అంటే రెండు కణుపుల నడిమి భాగం. భాగవతానికి స్కంధాలు, 12. మొల్ల రామాయణంలో యుద్ధకాండకు మళ్లీ ఆశ్వాసాలున్నాయి కాబట్టి అక్కడ కాండ పేరు, ఆశ్వాసం సంఖ్య రెండూ రాయండి.